బుర్లి కాలి కంకణం

సకల ప్రాణుల గుండెల్లో కూర్చుని, అడగకముందే వినే శ్రీమన్నారాయణుడికి జయం. ఏనుగుకు ఎంత చోటిచ్చాడో పిడికెడు పిట్టకూ తన లోకంలో అంతే చోటిచ్చిన తండ్రికి జయం. నేను రాయబోయేది ఆయన మహిమే. మధ్యలో ఒక ముసలమ్మ, ఒక పిట్ట, పదేళ్ల పిల్ల కనిపిస్తారు గానీ, ఆ ముగ్గురినీ కలిపి పట్టుకున్న చెయ్యి ఆయనదే.

మొన్న పొద్దున వాన వెలిసింది. బ్రూక్‌ఫీల్డ్‌లో మా అమ్మాయి వాళ్ల నాలుగో అంతస్తు బాల్కనీలో నిలబడి తడి మట్టి వాసన పీలుస్తున్నాను. పక్కనే ఇంకా ఎవరూ ఇల్లు కట్టని సైటు ఒకటుంది. మోకాలెత్తు గడ్డి, విరిగిన ఇటుకలు, ఎవరో పారేసిన కుర్చీ. ఆ గడ్డిలోంచి 'విట్‌విట్... విట్‌విట్' అని జంట జంటగా ఒక కూత వచ్చింది. రోడ్డు మీద ఆఫీసు బస్సులు హారన్లు కొడుతున్నాయి, అయినా ఆ కూత వాటి కిందనుంచి తడవకుండా నడిచొచ్చినట్టు నా చెవి దాకా వచ్చింది. చేతిలో కాఫీ చల్లారిపోయింది. "అమ్మా, ఏం చూస్తున్నావు?" అని మా అమ్మాయి అడిగింది. నేను చూడటం లేదు, వింటున్నాను. అలా వినడం నేర్పిన మనిషి పోయి యాభై ఏళ్లు దాటింది. ఆమెను ఎరిగినవాళ్లలో నేనొక్కతెనే మిగిలాను. అందుకే ఇది రాస్తున్నాను.

రంగమ్మవ్వ మాకు చుట్టం కాదు. ఈ కన్నడ ఊళ్లోనే, తెలుగు నేతగాళ్లుండే కబ్బన్‌పేటలో మా ఇంటి గోడకు అవతలి ఇల్లు ఆమెది. వీధంతా మగ్గాలే. ఏ ఇంట్లో చూసినా నేలలో గుంట, గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషి, పోగు మోసే నాడె అటూ ఇటూ కొట్టే చప్పుడు. ఆమె భర్త బతికున్నప్పుడు వీధి భజనకు గురువు. మగ్గం ఆగిన వేళల్లో ఆయనే భార్యకు అక్షరాలు నేర్పాడట. ఆయన పోయాక పుస్తకం ఆమె చేతికొచ్చింది. మధ్యాహ్నం మా వీధి ఆడవాళ్లందరం రాట్నాలు పట్టుకుని ఆమె ఇంటికి చేరేవాళ్లం. మేము కండెలు చుడుతుంటే ఆమె పురాణం చదివి, మా మాటల్లో అర్థం చెప్పేది. ఒకరోజు నేను, "దేవుడు యాడుండాడవ్వా?" అని అడిగాను. ఆమె నా రాట్నం వైపు చూసి, "ఇందాక దారం తెగిండె కదా, విసుక్కోకుండా అతికించినావు. ఆ స్వల్ప సేపు ఆడుండె" అంది. అందరూ నవ్వారు. నేను మాత్రం ఆ సాయంత్రం దాకా రాట్నం చక్రం మధ్యలోకి వంగి వంగి చూశాను.

దారం అతకడం నేర్పింది కూడా ఆమే. పడుగులో పోగు తెగితే నేతగాళ్లు వేసే ముడి ఒకటుంది. చిన్నది, చదునుగా ఉంటుంది, లాగినకొద్దీ బిగుస్తుందే తప్ప జారదు. నా వేళ్లకు అది తొందరగా పట్టుబడింది. "ఈ పిల్ల ముడి దేవుడొచ్చినా ఊడదు" అని అవ్వ నలుగురిలో అంటే నేను పొంగిపోయేదాన్ని. ఆ పొంగే తర్వాత నా చేత తప్పు చేయించింది.

అవి యుద్ధం రోజులు. నలభైల నడిమి కాలం. బియ్యానికి కార్డులు, నూలుకు క్యూలు. పట్టు దొరకడం లేదు. విమానాల నుంచి దూకే సోల్జర్ల గొడుగులకు పోతోందని చెప్పుకునేవారు. ఎదురింటి కమలక్క నోరు ఊరుకునేది కాదు. "మన పట్టు మన ఒంటి మీద నిలబడలే, ఆకాశంలో ఎగురుతాండాదంట!" అనేది. మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. రంగమ్మవ్వ ఒక్కగానొక్క కొడుకు కిట్టప్ప, పని లేక, సైన్యంలో మోటారు తోలడానికి చేరి బర్మా వైపు వెళ్లిపోయాడు. వెళ్లే ముందు కె.ఆర్.పురం దాటాక ఉన్న తన మేనమామ రాగిచేనులో ఒక పూరేడు పిల్లను పట్టుకొచ్చి తల్లికిచ్చాడు. కన్నడంలో పూరేడును బుర్లి అంటారు. దానికి అదే పేరైంది. వెదురు పుల్లలతో తనే గూడు కట్టాడు. పూరేడు బెదిరితే నిలువునా పైకెగిరి తల కొట్టుకుంటుంది కాబట్టి పైకప్పుకు పుల్లలు పెట్టకుండా పాత పంచె గుడ్డ బిగించాడు. "అమా, ఇది కూస్తాండేంత కాలం నేను బాగుండానని అనుకో" అని నవ్వుతూ చెప్పి వెళ్లాడు. నవ్వుతూ అన్న మాటే. కానీ తల్లి దాన్ని గుండెకు కట్టుకుంది. వీధి కూడా కట్టుకుంది. పొద్దున నీళ్లకు పోయే ప్రతి ఆడదీ అవ్వ గుమ్మం దగ్గర ఆగి, "కూసిందా రంగమ్మత్తా?" అని అడిగేది. "కూసిందమ్మా" అని ఆమె చెప్పాకే బిందె కదిలేది.

ఆ ఏడు శ్రావణంలో అవ్వ తన ఇంట్లోనే ఆడవాళ్ల సప్తాహం పెట్టింది. ఏడు రోజులు పారాయణం, దీపం కొండెక్కకూడదు. మగ్గం గుంట మీద పలక పరిచి దాని మీద దేవుడి పటం పెట్టారు. మొదటి రోజు అందరి మణికట్లకూ కంకణాలు కట్టారు. ఏడో రోజు హారతి అయ్యేదాకా వాటిని విప్పకూడదు, తెంచకూడదు. ఎప్పుడూ నూలుతో చేసే కంకణాలు ఆసారి పట్టుతో చేసింది. ఆఖరి కండెలో మిగిలిన కొద్ది పట్టుకు గట్టిగా పురి తిప్పి, పసుపులో ముంచి ఆరబెట్టింది. "ఉండేది ఇంతే. స్వామికే పోనీ" అంది. నా చేతికి కట్టేటప్పుడు తన చూపుడు వేలు మధ్యలో పెట్టి, దాని మీద ముడి వేసి, వేలు లాగేసింది. ఎందుకని నేను అడగలేదు.

ఒక ముక్క మిగిలింది. బుర్లికి కూడా కంకణం ఉంటే, దేవుడు దాన్నీ దానితో పాటు కిట్టప్పనూ కాపాడతాడు కదా అనుకున్నాను. ఇది నేను భక్తితోనే చేశాను. అవ్వ వంటింట్లో ఉండగా గూట్లో చెయ్యి పెట్టి, పిట్టను పట్టుకుని, దాని కాలికి ఆ దారం రెండు చుట్లు చుట్టి, నాకు పేరు తెచ్చిన ముడి వేశాను. వేలు పెట్టలేదు. పిట్ట కాలికి వేలు ఎలా పడుతుంది? పురి తిప్పిన పట్టు తడిస్తే బిగుస్తుందని మా వీధిలో మూడేళ్ల పిల్లకూ తెలుసు. బుర్లి రోజుకు పదిసార్లు నీళ్ల చిప్పలోకి దిగుతుందనీ తెలుసు. రెండూ విడివిడిగా తెలిసి కూడా నాకు కలిపి తట్టలేదు.

మూడో రోజు సాయంత్రం గూడు దగ్గరికి వెళ్తే బుర్లి ఒంటికాలి మీద నిలబడి ఉంది. రెండో పాదం వాచి, నేరేడు పండు రంగుకు తిరిగింది. నేను చూశాను. చూసి, లేచి వచ్చేశాను. కంకణం తెంచితే సప్తాహం చెడుతుంది, సప్తాహం చెడితే కిట్టప్పకు ఏమవుతుందో అని భయం. ఇంకా నాలుగు రోజులే కదా, ఓర్చుకుంటుందిలే అనుకున్నాను. ఇప్పుడు డెబ్బై దాటిన వయసులో కూడా, నా పాపాలు దేవుడి ముందు చెప్పుకునేటప్పుడు మొదట చెప్పుకునేది ఆ సాయంత్రం లేచి వచ్చేయడమే.

నాలుగో రోజు పొద్దున బుర్లి కూయలేదు. గూట్లో రెక్కల టపటప వినిపించి పరుగెత్తాను. దారం కొస వెదురు పుల్లల సందులో చిక్కుకుంది. పిట్ట ఎగరబోయి ఎగరబోయి కాలు విరగ్గొట్టుకుంది. అప్పటికే పారాయణానికి ఆడవాళ్లు చేరుతున్నారు. నేను దాన్ని ఒడిలో పెట్టుకుని కూలబడి, "నేనే కట్టినా, నేనే కట్టినా" అని ఏడ్చాను. అవ్వ వచ్చి కింద కూర్చుంది. దారం మాంసంలోకి దిగిపోయింది, పైకి పసుపు గీతలా మాత్రమే కనిపిస్తోంది. ఆమె నా ముఖం చూడలేదు, ముడి చూసింది.

"ముడి బాగా ఏసినావు అమ్మణ్ణీ. నేను నేర్పిందే కదా" అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. తన వంతు తను ఒప్పుకుంటున్నట్టు అంది. తర్వాత చెయ్యి చాపి, "కత్తి తే, బేగ" అంది.

పట్టు తెంచే చిన్న కత్తి తెచ్చాను. కమలక్క అడ్డంగా వచ్చి నిలబడింది. "వద్దత్తా! సప్తాహం నడుమ కంకణం తెంచుతారా? కొడుకు యుద్ధంలో ఉండాడు. ఇంకా మూడు దినాలే కదా!"

"దానికి మూడు దినాలు లేవు కమలా."

"దేవుడు ఊరుకుంటాడా?"

"ఊరుకోడు. అందుకే కోస్తాండా. సుమ్నే గమ్మునుండి దీపం పట్టుకో."

కమలక్క దీపం పట్టుకుంది. అవ్వ సూది మొనతో దారాన్ని మాంసంలోంచి ఎత్తి, దాని కింద కత్తి అంచు దూర్చి తెంచింది. ఒక్కసారిగా నల్లటి నెత్తురు బొట్టు వచ్చింది. పిట్ట కదల్లేదు. దాని గుండె మాత్రం నా అరచేతిలో రాట్నంలా తిరుగుతోంది. కండె పుల్లను నిలువుగా చీల్చి, లోపల దూది పరిచి, విరిగిన కాలుకు ఇరుపక్కలా పెట్టింది. కట్టడానికి మెత్తటి దారం కావాలి. ఇంట్లో ఉన్నదంతా ముతక నూలే. అవ్వ తన కుడిచెయ్యి నా ముందు పెట్టి, "నా కంకణం విప్పు" అంది.

మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తెంచడం కాదు, విప్పడం. ఆ ముడి జారదు, కానీ పోగును వెనక్కి తోస్తే వదులుతుంది. అదీ ఆమె నేర్పిందే. విప్పి ఇచ్చాను. ఆమె దాని పురి మొత్తం వెనక్కి తిప్పి, పోగులు విడదీసి, అరటి నారలా చదును చేసి, పుల్లల చుట్టూ వదులుగా చుట్టింది. "పురి తీసిన పట్టు కరవదు" అంది. చుట్టడం అయ్యాక పటం వైపు తిరిగి, పక్కన కూర్చున్న మనిషితో చెప్పినట్టు, "స్వామీ, నా కంకణం యాడికీ పోలే. నా చేతి నుంచి దాని కాలికి మారింది. చూసినావు కదా, ఇంక చదువుతా" అంది.

చదివింది. ఆ రోజు వంతు, ఆపదలో చిక్కి మొరపెట్టుకున్న ఒక మూగజీవిని దేవుడు ఆదుకున్న కథ. ఎవరూ ఎంచి పెట్టలేదు, వరసలో అదే వచ్చింది. పిట్టను ఒడిలో గుడ్డ మీద పెట్టుకుని, ఒక చేత్తో దాని వీపు నిమురుతూ చదివింది. ఆ గుడ్డ, ఆ పుస్తకం, ఆ దీపం, అన్నీ ఒకే పూజలోవని నాకు అనిపించింది. నా జీవితంలో ఎన్నో గుళ్లు చూశాను, ఎన్నో కొండలు ఎక్కాను. ఆయన ఇంత దగ్గరగా ఉన్నాడని ఒళ్లు జలదరించింది మాత్రం ఆ మగ్గం గుంట పక్కనే.

సప్తాహం ముగిసింది గానీ పిట్ట సంగతి ముగియలేదు. కాలి మీద బరువు పడకూడదని అవ్వ ఒక గుడ్డకు రెండు కన్నాలు చేసి, వాటిలోంచి కాళ్లు కిందికి వదిలి, ఆగిపోయిన మగ్గం దూలానికి ఉయ్యాల కట్టింది. నేసేవాళ్లు లేని మగ్గానికి పిడికెడు పిట్ట వేలాడుతుంటే చూడటానికి వీధి వీధంతా వచ్చింది. నానబెట్టిన కొర్రలు ఒక్కొక్కటే ముక్కుకు అందించాలి. నీళ్లు వత్తితో చుక్కలుగా పట్టాలి. పెరటి గోడ కింద చీమల గుడ్లు ఏరి తేవడం నా పని. వారానికోసారి కట్టు విప్పి ఆముదం, పసుపు రాసి మళ్లీ కట్టేది. ఒక వేలు ఎండి రాలిపోయింది. నేను ఏడిస్తే, "దానికి ఇంకా మూడుండాయి. నీకెందుకే అంత దిగులు, నడిచేది అదా, నువ్వా?" అంది.

ఇరవై రోజులకు పుల్లలు తీసేసింది. బుర్లి కుంటుతూ నాలుగడుగులు వేసి, దుమ్ములో పొర్లి, చీమల వెంటపడింది. కానీ కూయలేదు. "కూసిందా?" అన్న ప్రశ్న రోజూ వచ్చేది. "కూయలేదమ్మా" అని అవ్వ నెమ్మదిగా చెప్పేది. నేను పొద్దున్నే లేచి గోడకు చెవి ఆనించేదాన్ని. బర్మా నుంచి ఉత్తరం వచ్చి మూడు నెలలైందని మా అమ్మ నాన్నతో గుసగుసగా చెప్పడం విన్నాను. కిట్టప్పకు ఏమైనా అయితే అది నేను వేసిన ముడి వల్లేనని నా లెక్క. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే భయంగా ఉండేది.

ఒక పొద్దున జల్లు పడుతోంది. నేను చిప్పలో నీళ్లు మారుస్తున్నాను. బుర్లి మెడ సాచి, గొంతు ఉబ్బించి, 'విట్‌విట్' అంది. ఆగి, మళ్లీ అంది. అవ్వ పెరట్లోంచి తడి చేతులతో వచ్చి గడప మీద నిలబడిపోయింది. నేను కేకపెట్టబోతే వేలు అడ్డం పెట్టింది. "వాళ్లకు చెబుతువులే. ముందు విను." ఇద్దరం విన్నాం. వాన, కూత, మళ్లీ వాన. ఆమె కళ్లు మూసుకుని పెదాలు కదుపుతోంది. రాలిన వేలు, విరిగిన ఎముక, నా పాపం, వీటన్నిటి మీదుగా దాటి వచ్చిన ఆ గొంతును ఎవరు పంపారో నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

కాసేపటికి వీధి వచ్చింది. కమలక్క బెల్లం ముక్క తెచ్చి అవ్వ నోట్లో పెట్టింది. "కిట్టప్ప బాగుండాడత్తా! పిట్ట చెప్పింది!" అందరూ అదే మాట. అప్పుడు అవ్వ ముఖం మారడం నేను చూశాను. ఆమె వాళ్లను చూడటం లేదు, నన్ను చూస్తోంది. వాళ్లందరికంటే గట్టిగా నవ్వుతున్న నన్ను చాలాసేపు చూసింది.

ఆ సాయంత్రం భజన అయ్యాక అందరినీ కూర్చోమంది. "అందరూ వినండి. ఈ పిల్ల పిట్ట కాలికి కట్టింది ఒక దారం. దానికంటే ముందే నేను ఒకటి కట్టినా. దీని కూతకూ నా కొడుకు ప్రాణానికీ ముడేసినా. వాడు నవ్వులాటకు చెప్పినాడు, నేను బిగించినా. పిట్ట పిట్టే. కొడుకు స్వామి చేతిలో ఉండాడు. వాడు వచ్చినా, రాకపోయినా, దీనికి సంబంధం లేదు, ఈ పిల్లకూ సంబంధం లేదు. ఆ ముడి ఈ పొద్దు కోసేసినా. రేపు దీన్ని చేనిలో వదిలేస్తా."

"బుద్ధి ఉందా అత్తా? కొడుకు గురుతు అది!" అంది కమలక్క.

"గురుతు నా కాడ ఉండాదిలే. కాలు దానిది, దాన్ని నడవనీ" అంది అవ్వ.

మరునాడు మా అమ్మ, అవ్వ, నేను ఎడ్లబండిలో పాత మద్రాసు రోడ్డు పట్టి కె.ఆర్.పురం దాటి వెళ్లాం. రాగిచేలు నడుమెత్తు పచ్చగా ఉన్నాయి. అవ్వ గూడు నా చేతికిచ్చి, "నువ్వే తియ్" అంది. తలుపు తీశాను. బుర్లి బయటికి వచ్చి, కుంటికాలు ఒకసారి విదిలించి, చేని గెనం గట్టు మీద కాసేపు నిలబడి, చేనులోకి నడిచి వెళ్లింది. ఎగరలేదు, నడిచే వెళ్లింది. రాగి కర్రలు ఒకచోట కదిలాయి, తర్వాత ఇంకొంచెం దూరంలో కదిలాయి, తర్వాత గాలి ఏదో పిట్ట ఏదో తెలియలేదు. అవ్వ ఖాళీ గూటి పైనున్న పంచె గుడ్డ విప్పి, మడిచి, రొంటిన దోపుకుంది. దారంతా ఆ గుడ్డ మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

చలి మొదలయ్యాక తపాలా మనిషి సైన్యం వాళ్ల కాగితం తెచ్చాడు. కిట్టప్ప ఇక రాడు. నేను మా ఇంట్లో ధాన్యం గాదె వెనక దాక్కున్నాను. గోడ అవతల ఏడుపులు వినిపిస్తున్నాయి. అంతలో కమలక్క గొంతు: "ఆ పొద్దు ఆ కంకణం తెంచకుండా ఉండుంటే..." వెంటనే అవ్వ గొంతు వచ్చింది. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయినా గట్టిగానే వచ్చింది. "కమలా, ఆ ముడి నేను అందరి ముందరా కోసినా. నువ్వు మళ్లీ ఎయ్యొద్దు." తర్వాత, "అమ్మణ్ణి యాడుండాది? పిలవండి. నా పక్కన కూర్చోమనండి" అంది.

వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె చెయ్యి నా తల మీద పెట్టింది. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ నాకు తెలుసు. పదకొండో రోజు కాగానే ఆమె మళ్లీ పుస్తకం తెరిచింది. గొంతు రెండు చోట్ల ఆగింది, ఆగిన చోటు నుంచే మళ్లీ అందుకుంది. దేవుణ్ణి ఒక్క ప్రశ్న అడగడం నేను వినలేదు.

నాకు పిల్లలు పుట్టి, వాళ్లు అబద్ధమాడి, తప్పులు చేసి, భయపడి నా వెనక దాక్కునే వయసుకు వచ్చాక గానీ నాకు అర్థం కాలేదు. కాగితం రావచ్చని ఆమెకు ముందే తెలుసు. మూడు నెలలుగా ఉత్తరం లేని తల్లికి తెలియకుండా ఎలా ఉంటుంది? బుర్లి కూసిన పొద్దున అందరితో కలిసి నమ్మి ఉంటే ఆమెకు ఇంకొన్ని రోజులు ఆశ మిగిలేది. కానీ ఆ ఆశకు రెండో కొస నా మెడకు చుట్టుకుని ఉందని, కాగితం వచ్చిన రోజున అది బిగుస్తుందని ఆమె చూసింది. అందుకే ముందే కోసేసింది. కొడుకిచ్చిన పిట్టను వదులుకుని, పక్కింటి పిల్లను విడిపించింది. ఇలాంటి మనసును మట్టితో చేసిన మనిషిలో పెట్టినవాడు ఎంతటివాడో అని తలచుకున్నప్పుడల్లా నా చేతులు వాటంతట అవే జోడించుకుంటాయి.

ఈనాటికీ మా ఇంట్లో ఏ వ్రతానికైనా కంకణాలు కట్టేది నేనే. మనవరాళ్ల మణికట్టు మీద నా చూపుడు వేలు పెట్టి, దాని మీద ముడి వేసి, వేలు లాగేస్తాను. "వదులుగా ఉంది అమ్మమ్మా, ఊడిపోతుంది" అంటారు. ఊడదు అని చెబుతాను.

మొన్నటి కూత ఆ సైటులోంచి ఇంకా వస్తోంది. కె.ఆర్.పురం ఇక్కడికి దగ్గరే, ఒకప్పుడు ఈ చుట్టుపక్కలంతా రాగిచేలే. చదువుతున్న మీరు ఏ ఊళ్లో ఉన్నా, చేతిలో పని కాసేపు పక్కన పెట్టి నాతో పాటు చేతులు జోడించండి. తండ్రీ, మేము ప్రేమతోనే కడతాం, తెలియక బిగిస్తాం. మేము కట్టే ప్రతి ముడిలోనూ నీ వేలు ఒకటి పెట్టు. బిగిసిపోయిన చోట కోసే ధైర్యం మా చేతికి ఇవ్వు. రంగమ్మవ్వను, ఆమె కిట్టప్పను, మూడు వేళ్ల కాలితో నడిచి వెళ్లిన ఆ పిట్టను నీ దగ్గరే ఉంచుకో.